టేబుల్ సా సామాను సర్దుకునే పద్ధతి: బ్లేడ్లు, గార్డు, పుష్ స్టిక్, స్లెడ్

కొనేది టేబుల్ సా (బల్ల మధ్యలోంచి పైకి వచ్చే బ్లేడుతో చెక్క కోసే మిషన్) ఒక్కటే అయినా ఏడాది తిరిగేసరికి దాని చుట్టూ బోలెడు సామాను చేరుతుంది. నాలుగైదు బ్లేడ్లు, రెండు స్పానర్లు, బ్లేడును కప్పే గార్డు, బ్లేడు వెనక కోత మూసుకోకుండా నిలిచే రివింగ్ నైఫ్, చెక్కను కోణానికి పట్టి కోసే మైటర్ గేజ్, ముక్కను నెట్టే పుష్ స్టిక్కులు, బ్లేడు చుట్టూ టేబుల్‌లో అమరే త్రోట్ ప్లేట్లు, ముక్కను పక్కనుంచి ఒత్తిపట్టే ఫెదర్ బోర్డులు, చెక్కను పెట్టి అడ్డంగా కోసే ఒక క్రాస్‌కట్ స్లెడ్, బ్లేడు రంధ్రంలో వేసే రింగులు. వీటిని ఎక్కడో ఒకచోట ఇరికించడం పెద్ద పని కాదు. కానీ ఒక వస్తువును వాడతామా మానేస్తామా అన్నది అది ఉన్న చోటును బట్టే ఉంటుంది. పుష్ స్టిక్ నాలుగడుగుల దూరంలో ఉంటే, ఈ ఒక్క ముక్కకే కదా అని చేత్తో నెట్టేస్తారు. గార్డు అటక మీదుంటే మళ్ళీ మిషన్ ఎక్కదు. అందుకే అలమరలో ఖాళీ ఎక్కడుందా అని చూడకండి. మిషన్ ముందు కోత కోసే భంగిమలో నిలబడి, చేయి చాచి చూసి చోటు నిర్ణయించండి.

మొదట పుష్ స్టిక్. చెక్కను ఆనించి నడిపే ఫెన్స్ బ్లేడుకు కుడివైపున ఉంటుంది కాబట్టి చీల్పు కోతలో, అంటే చెక్కను పొడవునా చీల్చేటప్పుడు, ముక్కను చివరిదాకా నెట్టేది కుడిచెయ్యి. మిషన్ ముందు అంచున కుడివైపు, నడుము ఎత్తులో ఒక కొక్కెం పెట్టి పుష్ స్టిక్‌ను దానికి తగిలించండి. ఎడమచేత్తో ముక్కను ఒత్తిపట్టి, చూపు బ్లేడు మీదనుంచి తిప్పకుండా కుడిచేత్తో దాన్ని అందుకోగలగాలి. వంగాల్సి వచ్చినా, తల తిప్పాల్సి వచ్చినా ఆ చోటు పనికిరాదు. ఇనుప రేకు బాడీ ఉన్న మిషన్ అయితే పుష్ స్టిక్ పిడిలో ఒక నియోడిమియం అయస్కాంతం పొదిగితే చాలు, అతుక్కుని ఉంటుంది. సైట్లకు తీసుకెళ్ళే చిన్న మిషన్ల బాడీ ఎక్కువగా ప్లాస్టిక్, దానికి అయస్కాంతం పట్టదు. స్టాండు ఇనుప గొట్టానికి బిగించిన కొక్కెమే వాటికి దారి. రెండు స్టిక్కులు ఉంచండి. బ్లేడు తగిలి మూతి అరిగిపోయినదాన్ని పారేయడానికి అప్పుడు మనసొప్పుతుంది. స్టిక్‌ను టేబుల్ మీద మాత్రం పెట్టొద్దు. అదురుకి జరుగుతూ జరుగుతూ బ్లేడు దగ్గరికే పోతుంది.

ముక్కను పైనుంచి ఒత్తి నెట్టే, కింద రబ్బరు అతికించిన పుష్ బ్లాకులకు ఎండ తగలకూడదు. డాబా మీద రేకుల షెడ్డులో పనిచేసేవాళ్ళు వీటిని షెడ్డు లోపలైనా కిటికీకి ఎదురుగా పెట్టకండి. వేసవి వేడికి రబ్బరు గట్టిపడి జారుతుంది, అతికించిన జిగురు కూడా వదులుతుంది. రబ్బరు మీద పేరుకున్న పొట్టును తడిగుడ్డతో తుడిస్తే పట్టు మళ్ళీ వస్తుంది.

గార్డు సంగతి కాస్త వేరు. గాడి తీసేటప్పుడు బ్లేడు చెక్కను పూర్తిగా చీల్చదు కాబట్టి గార్డును తీయక తప్పదు. చిక్కంతా ఆ పని అయిపోయాకే. తీసిన గార్డుకు మీ కళ్ళెదుటే, స్టాండు ముందుభాగంలోనో ఎదురు గోడమీదో ఒక చోటు కేటాయించండి. అక్కడ గార్డు ఆకారాన్ని ఎర్ర పెయింటుతో గీసి ఉంచండి. ఎర్రగీతలో గార్డు కనబడుతోందంటే మిషన్ గార్డు లేకుండా ఉందన్నమాట. స్విచ్ వేసే ముందు ఆ ఒక్క చూపు చాలు. చెక్క వెనక్కి తన్నకుండా పట్టే పళ్ళ కొక్కేలు గార్డుతో పాటే ఉంటే, వాటి స్ప్రింగు నొక్కుకుపోకుండా వేలాడదీయండి. రివింగ్ నైఫ్‌ను మాత్రం తీసి దాచే వస్తువుగా చూడకండి. చాలా మిషన్లలో దాన్ని బ్లేడు పై అంచుకన్నా కిందికి దించి బిగించే వీలుంటుంది. గాడి తీసేటప్పుడు కూడా అది అలాగే ఉండొచ్చు.

స్పానర్లను బ్లేడ్ల పక్కన పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. అలా పెట్టకండి. గోడమీద ప్లగ్ సాకెట్ పక్కనే మేకు కొట్టి రెండు స్పానర్లనూ అక్కడ తగిలించండి. బ్లేడు మార్చాలంటే స్పానర్ కోసం ప్లగ్ దగ్గరికే వెళ్ళాలి. వెళ్ళిన చేత్తోనే ప్లగ్ పీకేస్తారు. స్పానర్ మళ్ళీ మేకుకు ఎక్కేదాకా ప్లగ్ పెట్టకూడదన్నది ఇంట్లో ఆ మిషన్ ముట్టుకునే ప్రతి ఒక్కరికీ నియమం కావాలి. స్పానర్‌ను తాడుతో మిషన్‌కు కట్టడం కొన్నిచోట్ల అలవాటు. తిరిగే బ్లేడు చుట్టుపక్కల వేలాడే తాడు ఏదైనా ప్రమాదమే.

ఇక బ్లేడ్లు

అన్నిట్లోకీ ఎక్కువ నష్టం బ్లేడ్లను సరిగా దాచకపోవడం వల్లే జరుగుతుంది. టీసీటీ బ్లేడు పళ్ళు కార్బైడ్‌వి. అరుగుదలకు బాగా ఆగుతాయి గానీ గాజు తరహాలో పెళుసు. నాలుగు బ్లేడ్లను ఒకే మేకుకు తగిలిస్తే, ఒకటి తీసిన ప్రతిసారీ పక్కదాని పళ్ళు దీని పళ్ళకు కొట్టుకుంటాయి. కంటికి ఆనని పెచ్చు ఊడినా, ఆ పన్ను కోసిన ప్రతి అంచు మీదా గీత పడుతుంది. దెబ్బ తిన్న పన్ను అతుకు వదిలితే ఇంకా ప్రమాదం. 254 మి.మీ. బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పన్ను వేగం సెకనుకు సుమారు 53 మీటర్లు, అంటే గంటకు 190 కిలోమీటర్లు. ఊడిన ముక్క ఆ వేగంతోనే ఎగురుతుంది.

కంపెనీ అట్టపెట్టెల్లో దాచడం కొద్దిరోజులకైతే ఫరవాలేదు. అట్ట తేమ పీలుస్తుంది. ఆ తేమంతా బ్లేడుకే అంటుకుని ఉంటుంది. ఫోమ్, తివాచీ ముక్కలు, పాత దుప్పటి పరిచినా అంతే.

అన్నిటికన్నా నమ్మకమైనది సొరుగుల్లా బయటికి లాగే పలకల పెట్టె. ఒక్కో పలక మీద ఒక్కో బ్లేడు. 10 అంగుళాల బ్లేడ్లు ఆరు పట్టే పెట్టెకు కొలతలు ఇవి.

18 మి.మీ. ప్లైవుడ్‌లో: పక్క పలకలు రెండు, 300 × 186 మి.మీ.; పైదీ కిందదీ రెండు, 300 × 272 మి.మీ. ఒక అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవు ముక్క తెచ్చుకుంటే నాలుగూ అందులోనే వస్తాయి. 6 మి.మీ. ప్లైవుడ్‌లో: లాగే పలకలు ఆరు, 280 మి.మీ. వెడల్పు, 290 మి.మీ. లోతు, వెనక పలక ఒకటి, 308 × 186 మి.మీ. దీనికి 2 × 4 అడుగుల ముక్క సరిపోతుంది. ఇవి కాక 3 మి.మీ. ఎం.డి.ఎఫ్.లో 150 మి.మీ. వ్యాసమున్న బిళ్ళలు ఆరు, 8 నంబరు ఒకటిన్నర అంగుళం స్క్రూలు పన్నెండు, చెక్క జిగురు, కొంచెం అరాల్డైట్, ప్లంబింగ్ పైపు ముక్క ఒకటి. కోస్తా ఊళ్ళలో ఉండేవాళ్ళు ప్లైవుడ్‌లో ఐ.ఎస్. 710 రకమే తీసుకోండి. ధర ఎక్కువే గానీ తేమకు పొరలు విడవవు.

ముందు పక్క పలకల్లో గాళ్ళు తీయాలి. గాడి లోతు 5 మి.మీ. 3.2 మి.మీ. మందం కోసే మామూలు బ్లేడుతో ఒక్కో గాడికి రెండు కోతలు పడతాయి. ఫెన్స్‌ను రెండోసారి జరపడంలోనే తేడాలు వస్తాయి కాబట్టి దాన్ని జరపకుండా పని ముగించే ఉపాయం ఇది: కచ్చితంగా 3 మి.మీ. మందమున్న, ఫెన్స్ అంత పొడవైన ఎం.డి.ఎఫ్. పట్టీ ఒకటి తయారుచేసుకోండి. ఫెన్స్‌ను 36 మి.మీ. దగ్గర బిగించి రెండు పలకలూ ఒకసారి పంపండి. మిషన్ ఆపి, పట్టీని ఫెన్స్‌కు టేపుతో అతికించి రెండు పలకలూ మళ్ళీ పంపండి. పట్టీ వల్ల పలక 3 మి.మీ. బ్లేడు వైపు జరిగి, అంచునుంచి 33 దగ్గర మొదలయ్యే 6.2 మి.మీ. గాడి వస్తుంది. ఆ తరవాత ఫెన్స్‌ను 58, 80, 102, 124, 146 దగ్గర బిగిస్తూ ఇదే పని. ఆరు గాళ్ళూ ఒకే వెడల్పు వస్తాయి. ప్రతిసారీ పలక కింది అంచే ఫెన్స్‌కు ఆనాలి. ఒక పలకకు కింది అంచు, రెండోదానికి పై అంచు ఆనించారంటే గాళ్ళు ఎదురెదురుగా రావు, పలకలు వంకరగా దిగి ఇరుక్కుంటాయి. కింది అంచుల మీద ముందే పెన్సిలు గుర్తు పెట్టుకోండి. ఈ కోతల్లో ముక్క కింద తిరిగే బ్లేడు కనబడదు, కాబట్టి చెయ్యి ఎప్పుడూ పుష్ బ్లాక్ మీదే ఉండాలి.

6 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ నిజానికి 5.5 మొదలుకుని 6 దాకా ఏదైనా ఉంటుంది. మొదటి గాడి ఒక తుక్కు ముక్కలో తీసి, పలక అందులో వేలితో నెడితే కదిలేలా ఉందో లేదో చూసుకోండి. 2.4 మి.మీ. కోసే పల్చటి బ్లేడు వాడితే రెండు కోతల మధ్య చిన్న పొర మిగిలిపోతుంది. దానికి మూడో కోత కావాలి.

లాగే పలక ముందు అంచునుంచి 155 మి.మీ. లోపలికి, వెడల్పుకు సరిగ్గా మధ్యలో బ్లేడు కేంద్రం రావాలి. అప్పుడు బ్లేడు అంచుకు ముందు 28 మి.మీ. చోటు మిగులుతుంది. ఆ చోట్లో వేలు పెట్టి లాగడానికి 30 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు గంటు కొయ్యండి. ఇంతకన్నా లోతుగా కోస్తే వేలు పళ్ళకు తగులుతుంది. కేంద్రం దగ్గర ఎం.డి.ఎఫ్. బిళ్ళను జిగురుతో అతికించండి. ఈ బిళ్ళ వల్లే పళ్ళు పలకకు తాకకుండా గాల్లో ఉంటాయి. పళ్ళు బ్లేడు రేకు కన్నా రెండువైపులా అర మి.మీ. దాకా బయటికి పొడుచుకుని ఉంటాయి కాబట్టి, బిళ్ళ లేకుండా పడుకోబెడితే బ్లేడు బరువంతా పళ్ళ మీదే పడుతుంది.

మధ్యలో బ్లేడును పట్టే బొడిపెకు సీపీవీసీ నీళ్ళ పైపు చక్కగా పనికొస్తుంది. అరంగుళం పైపు బయటి వ్యాసం 15.9 మి.మీ., ముప్పావుది 22.2, అంగుళానిది 28.6. అమెరికా మిషన్ల బ్లేడు రంధ్రం 15.88 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. దానికి అరంగుళం పైపును 120 నంబరు గరుకు కాగితంతో కాస్త రుద్ది, బ్లేడు వదులుగా దిగేలా చెయ్యాలి. 25.4 మి.మీ. రంధ్రానికి ముప్పావు పైపు, 30 మి.మీ. రంధ్రానికి అంగుళం పైపు. పైపును 15 మి.మీ. పొడవున కోసి, పలకా బిళ్ళా కలిపి వేసిన రంధ్రంలో అరాల్డైట్‌తో నిలబెట్టండి. కింద పలకతో సమంగా ఉంటే పైన 6 మి.మీ. బయటికి ఉంటుంది, బ్లేడుకు అది చాలు. ఇనుప బోల్టు పెడితే రంధ్రం అంచు అరుగుతుంది, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

పెట్టె బిగించేటప్పుడు పక్క పలకల లోపలి మధ్య దూరం 272 మి.మీ. ఉండాలి. లాగే పలక 280, గాళ్ళలోకి రెండువైపులా కలిపి 8 మి.మీ. దిగుతుంది, 2 మి.మీ. వదులు మిగులుతుంది. 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో ముందు రంధ్రాలు వేసి, ఒక్కో అతుకుకు మూడు స్క్రూల చొప్పున బిగించండి. జిగురు ఆరకముందే అన్నిటికన్నా పై గాడిలో ఒకటి, కింది గాడిలో ఒకటి లాగే పలకలు పెట్టి లాగి చూడండి. మూలమట్టం తప్పి ఉంటే అప్పుడైతేనే సరిచేయగలం. వెనక పలక చివర్లో. గాళ్ళలో కొవ్వొత్తి మైనం రుద్దండి. సిలికాన్ స్ప్రే కొట్టకండి, దాని తెర చేతుల ద్వారా చెక్కకు అంటుకుంటే పాలిష్ పట్టదు.

పెట్టె ఎక్కడ పెట్టాలంటే, మిషన్ ఎడమపక్కన గానీ స్టాండు కింద గానీ. బ్లేడు మీదుగా చేయి చాచి అందుకోవాల్సిన చోట, అంటే మిషన్ వెనకాల మాత్రం వద్దు.

ప్రతి పలక ముందు అంచు మీద ఏ బ్లేడో రాసి ఉంచండి: 24 పళ్ళు చీల్పు కోతకు; 40 పళ్ళు అన్నిటికీ; 60 పళ్ళు అడ్డకోతకు; 80 పళ్ళు ప్లైవుడ్, లామినేట్‌లకు. కోసే మందం కూడా రాయండి, త్రోట్ ప్లేటు ఎంచుకోవడానికి అదే ఆధారం. ఆరో పలక మొద్దుబారిన బ్లేడుకు. దాని అంచుకు ఎర్ర రంగు వేసి, సాన పట్టించాల్సినది వేరే ఏ పలక మీదా పెట్టకండి. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అది పళ్ళను తొందరగా మొద్దుబారుస్తుంది. టేకు ఎక్కువగా కోసే ఇంట్లో ఆ ఎర్ర పలక ఖాళీగా ఉండే రోజులు తక్కువ. పెద్ద రంధ్రాన్ని చిన్నది చేసే రింగును బ్లేడు రంధ్రంలోనే వదిలి, రింగులోంచి దూరే పైపు బొడిపె పెట్టుకోండి. విడిగా డబ్బాలో వేసిన రింగు కావలసినప్పుడు దొరకదు.

దాచే ముందు బ్లేడు శుభ్రంగా ఉండాలి. పళ్ళ వెనక చేరిన బంక తేమను పట్టి ఉంచుతుంది. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చెంచాల వాషింగ్ సోడా కలిపి పదిహేను ఇరవై నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్లు వాడకండి. కడిగిన వెంటనే తుడిచి, ఎండలో పావుగంట ఆరనిచ్చి, గుడ్డకు కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు అద్ది రెండువైపులా రాయండి. మళ్ళీ బిగించినప్పుడు నూనె తుడిచేసి, మొదటి కోత తుక్కు ముక్క మీద కొయ్యండి. లేకపోతే నూనె మరక మంచి చెక్కకు ఎక్కుతుంది. పళ్ళను వెలుతురుకు ఎదురుగా తిప్పి చూడాల్సింది కూడా లోపల పెట్టే ఈ సమయంలోనే.

మిగతావి

బ్లేడు పట్టేంత సందు మాత్రమే ఉండే జీరో క్లియరెన్స్ త్రోట్ ప్లేట్లను గోడకు వాలుగా ఆనించి ఉంచితే వంగిపోతాయి. వంగిన ప్లేటు టేబుల్‌తో సమంగా కూర్చోదు, సన్నటి ముక్క దాని అంచుకు తట్టుకుని ఆగుతుంది. బ్లేడ్ల పెట్టె పైన 15 మి.మీ. ఎడంతో గాళ్ళు తీసిన పలక పెట్టి నిలువుగా నిలబెట్టండి. ప్రతిదాని వెనకా ఏ బ్లేడుకు, నిలువు కోతకా 45 డిగ్రీల కోతకా అని రాయండి. తప్పు ప్లేటు పెట్టి బ్లేడు లేపితే ప్లేటూ పోతుంది, ఒక్కోసారి పళ్ళూ పోతాయి.

మైటర్ గేజ్ ఒక్కసారి కింద పడితే దాని 90 డిగ్రీలు నమ్మడానికి లేదు. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండింటిని 20 మి.మీ. సందుతో గోడకు బిగించి, గేజ్ కడ్డీని ఆ సందులోంచి కిందికి దింపండి. గేజ్ తల ముక్కల మీద ఆనుతుంది. కడ్డీ వెడల్పు చాలా మిషన్లలో 19 మి.మీ., చిన్న మిషన్లవి వేరుగా ఉంటాయి కాబట్టి కొలిచి చూసుకోండి. దీనికి పక్కనే మూలమట్టం తగిలిస్తే, గేజ్ తీసిన ప్రతిసారీ ఒకసారి సరిచూడటం అలవాటవుతుంది.

స్లెడ్ పెద్దది, చోటు తినేది. అందుకే చాలామంది దాన్ని గోడకు వాల్చి నేలమీద నిలబెడతారు. 12 మి.మీ. అడుగు పలక ఆ వాలులో నెమ్మదిగా నడుమొంగుతుంది, తరవాత కోతలు మూలమట్టానికి రావు. దాన్ని వెనక ఫెన్స్ పట్టుకుని గోడకు రెండు కొక్కేలకు నిటారుగా వేలాడదీయాలి. ఇటుక గోడకు 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గులు వేసి బిగిస్తే ఆరేడు కిలోల స్లెడ్‌ను సులువుగా మోస్తాయి. గోడకూ స్లెడ్‌కూ మధ్య 12 మి.మీ. ఎడం వదలండి. వానాకాలంలో బయటి గోడలకు చెమ్మ దిగుతుంది. చెక్క రన్నర్లు ఆ చెమ్మకు ఉబ్బి గాడిలో బిగుసుకుంటాయి. అలా బిగుసుకున్నప్పుడు వెంటనే చిత్రిక పట్టకండి, వేసవికి అదే రన్నరు లటలటలాడుతుంది. మైనం రుద్ది కొన్నాళ్ళు ఆగండి.

ఫెదర్ బోర్డులు ఏ మేకుకు తగిలించినా ఫరవాలేదు, వాటి వేళ్ళ మీద బరువు పడకపోతే చాలు. డిజిటల్ కోణమాపకాన్ని నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

తేమ, చెదలు, పిల్లలు

విశాఖ, కాకినాడ, బందరు వైపు ఉప్పుగాలికి నూనె రాయని ఉక్కు మీద రోజుల్లోనే తుప్పు మచ్చలు లేస్తాయి. హైదరాబాదులో ఆ బాధ జూలై నుంచి సెప్టెంబరు దాకానే ఎక్కువ. నెల్లూరులో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో జాగ్రత్త పడాలి. అమెరికాలో గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్ళకు చలికాలంలో వేరే సమస్య: చల్లబడిన ఉక్కు మీదికి వెచ్చని తేమగాలి తగలగానే నీటి చెమటలు పడతాయి. ఎక్కడైనా మందు ఒకటే. బ్లేడ్ల పెట్టెకు 6 మి.మీ. ప్లైవుడ్‌తో తలుపు పెట్టి, లోపల సిలికా జెల్ సంచులు రెండు, వీలైతే తుప్పును ఆపే వీ.సీ.ఐ. కాగితం ఒక ముక్క ఉంచండి. వీ.సీ.ఐ. కాగితం మూసిన చోటే పనిచేస్తుంది, తెరిచిన అరలో పెడితే డబ్బు దండగ. నీలిరంగు సిలికా గులాబీ రంగుకు మారితే వేడిచేసి మళ్ళీ వాడండి. డబ్ల్యూడీ-40 కొట్టాం కదా అని ఏడాదిపాటు వదిలేయకండి. నీళ్ళను తరమడానికి అది బాగుంటుంది, దాని తెర ఎక్కువకాలం నిలవదు.

పెట్టెను నేలమీద ఆనించకండి. 150 మి.మీ. ఎత్తున, గోడకు కాస్త ఎడంగా ఉంటే చెదలు ఎక్కే మట్టిదారి కంటబడుతుంది. తలుపు లేని రంధ్రాల్లో, సందుల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టేస్తాయి. మైటర్ గేజ్ సందునూ, మిషన్ గాళ్ళనూ వానాకాలంలో వారానికోసారి చూడండి. ఎండిన మట్టి గాడిలో ఉండగా స్లెడ్ తోస్తే కోత దారి తప్పుతుంది.

పిల్లలున్న ఇంట్లో బ్లేడ్ల పెట్టె తలుపుకు తాళం ఉండాలి. మిషన్ స్విచ్‌కు తీసే తాళంచెవి ఉంటే దాన్ని కూడా ఆ పెట్టెలోనే పెట్టి తాళం వేయండి. అలాంటిది లేకపోతే ప్లగ్ పీకి, ప్లగ్ తలను తాళం పడే చిన్న డబ్బాలో పెట్టి మూయండి.